సత్తిరెడ్డి సార్ బ్లూబర్డ్

మా కోడలు కొత్త కారు కొన్నది. జపాన్ వాళ్ల హైబ్రిడ్. మొన్న నన్ను తార్నాక దాకా తీసుకెళ్లి, దిగాక తలుపు వేసింది. వేయడమంటే, వేళ్లతో ఊరికే అలా నెట్టిందంతే. పరుపు మీద దిండు పడినట్టు మెత్తని చప్పుడొకటి వచ్చింది. అది విని రోడ్డు పక్కనే నిలబడిపోయాను. చుట్టూ బస్సులూ ఆటోలూ మోగిస్తున్న హారన్లేవీ చెవికెక్కలేదు. "ఏమైంది అత్తమ్మా, కండ్లు తిరుగుతున్నయా?" అని కోడలు కంగారుపడింది. ఏం లేదన్నాను. ఇంకొక్కసారి ఆ తలుపు తీసి వెయ్యమని అడగాలనిపించింది కానీ, ఈ వయసులో అదేం కోరిక అనుకుంటుందని ఊరుకున్నాను. అలాంటి చప్పుడు నేను మొదటిసారి విన్నది ఆ చుట్టుపక్కలే. అరవైల చివర్లో, సత్తిరెడ్డి సార్ కారుకు.

సార్ ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పేవారు. భువనగిరి దగ్గరి రైతు కుటుంబం. జపాన్‌లో కొన్నేళ్లు పరిశోధన చేసి, తిరిగి వచ్చేటప్పుడు ఓడ మీద ఒక కారు తెచ్చుకున్నారు. పేరు బ్లూబర్డ్. పేరుకు తగ్గట్టు లేత నీలం రంగు. రోడ్ల మీద అంబాసిడర్లూ ఫియట్లూ తప్ప మరొకటి కనపడని రోజులవి. జపాన్ సరుకంటే జనానికి తెలిసింది ఆటవస్తువులే. అందుకే తోటి ప్రొఫెసర్లు, "రెడ్డిగారూ, పొద్దున బొమ్మకు కీ ఇచ్చిండ్రా?" అని ఆటపట్టించేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

నా పేరు సువార్త, లాలాగూడ పిల్లను. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. మా ఇంట్లో సైకిల్ కూడా లేదు. ఫిజిక్స్ ఎమ్మెస్సీకి యూనివర్సిటీ క్యాంపస్ దాకా రోజూ నడిచి వెళ్లేదాన్ని. ఒకరోజు వానలో తడుస్తూ పోతుంటే ఆ నీలం కారు ఆగింది. ముందు సీట్లో సార్ భార్య అనసూయమ్మ కూర్చుని ఉంది. "ఎక్కు బిడ్డా, పుస్తకాలు నానుతున్నయి," అన్నది. ఎక్కి, మాకు అలవాటైన రైలు తలుపును లాగినట్టే బలంకొద్దీ తలుపు లాగాను. కారంతా అదిరింది. సార్ వెనక్కి తిరగకుండానే, "అది రైలు డబ్బ కాదు బిడ్డా. మెల్లగ వెయ్యి, అదే పడ్తది," అన్నారు. సిగ్గుతో మళ్లీ తీసి మెల్లగా నెట్టాను. అప్పుడు విన్నాను ఆ చప్పుడు.

ఆ తర్వాత దారిలో ఎప్పుడు కనపడినా ఎక్కించుకునేవారు. వాళ్లకు పిల్లలు లేరు. ఆదివారాలు తార్నాకలో వాళ్లింటికి వెళ్లడం నాకు అలవాటైంది. అనసూయమ్మ సర్వపిండి చేసి పెట్టేది. సార్ తన జపాన్ పత్రికలు పరిచి ఒక్కో బొమ్మా చూపించేవారు. ఫెయిర్‌లేడీ అనే పైకప్పు లేని స్పోర్ట్స్ కారుంటే, దాని మూతి మీద వేలు పెట్టి గుర్రప్పిల్ల నుదురు నిమిరినట్టు నిమిరేవారు. ఎస్ సిక్స్ హండ్రెడ్ అనే బుల్లి కారును ఒక మిత్రుడు కొండదారిలో నడుపుతుంటే పక్కన కూర్చున్నారట. ఆ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా ఆయన గొంతు మారిపోయేది. "ఇంజిన్ గింతే ఉంటది, మన స్కూటర్ కన్న జర పెద్దగ. కని అది పాడుతది సువార్తా, కోపానికి అరవది." ఒకసారి నేను, యుద్ధంలో అంత నష్టపోయినవాళ్లు ఇవన్నీ ఎట్లా చేయగలిగారని అడిగాను. ఆయన, "గెలిచినోని కారు పెద్దగుంటది. ఓడినోని కారు తెలివిగుంటది. ఇనుము లేదు, పెట్రోలు లేదు. ఇగ ఆలోచన తప్ప ఏమున్నది వాళ్లకు?" అన్నారు.

ఆయనకొక కోరిక ఉండేది. వేసవి సెలవుల్లో తన విద్యార్థులతో ఆ బ్లూబర్డ్ ఇంజిన్‌ను పూర్తిగా విప్పించి, ప్రతి ముక్కనూ వాళ్ల చేతుల్లో పెట్టి, మళ్లీ వాళ్లతోనే బిగించాలని. అది విన్నప్పుడల్లా అనసూయమ్మ, "విప్పుడైతే అందరికొస్తది. ముందుగాల నన్ను మా చెల్లె ఇంటికి తోల్కపోయి, తర్వాత విప్పుండ్రి," అనేది.

ఒక ఆదివారం పొద్దున ముగ్గురం రామంతాపూర్ వైపు వెళ్లి తిరిగివస్తున్నాం. ఎండ ఇంకా ఎక్కలేదు. రోడ్డు ఖాళీగా ఉంది. ఎడమవైపు సందులోంచి సైకిల్ మీద ఒక పాలతను వచ్చాడు. వెనక సీట్లో ఉన్న నాకు కూడా స్పష్టంగా కనపడ్డాడు. సార్ మాత్రం వేగం తగ్గించలేదు. అనసూయమ్మ, "ఏవండీ!" అని కేక పెట్టింది. బ్రేకు పడింది కానీ బంపర్ సైకిల్‌కు తగిలింది. మనిషి పడ్డాడు, క్యాన్లు దొర్లాయి, పాలు తెల్లగా రోడ్డంతా పారాయి. మోచేయి గీసుకుపోవడం తప్ప అతనికేం కాలేదు, దేవుని దయ. ఇంటికి తీసుకొచ్చి అనసూయమ్మ కట్టు కట్టింది. చాయ్ తాగి, పాల సంగతీ సైకిల్ సంగతీ సార్ చూసుకుంటానన్నాక, అతను నెమ్మదించి వెళ్లిపోయాడు.

సార్ మాత్రం కారు దగ్గరే నిలబడి ఉన్నారు. చాలాసేపటికి భార్యను అడిగారు.

"అనసూయా, ఆయన ఎటుకెల్లి వచ్చిండు?"

"ఎడమ దిక్కుకెల్లి. అంత మంచిగ కనపడ్తనే ఉండె గదా!"

"నాకు ఆ దిక్కే లేదు," అన్నారు సార్.

కొంతకాలంగా పక్కచూపు తగ్గుతున్నట్టు ఆయనకు అనుమానం ఉందట. అలసట అనుకుని సర్దిచెప్పుకున్నారట. ఆ మాట చెప్పి తాళంచెవి తీసి భార్య చేతిలో పెట్టారు. డాక్టరు చూసి నీటికాసులన్నారు. కంటిలో ఒత్తిడి పెరిగి చూపును అంచుల నుంచి లోపలికి తినేసే జబ్బు. పోయిన చూపు తిరిగి రాదన్నారు, ఉన్నదాన్ని వీలైనంత కాపాడుకోవాలన్నారు. ఎవరూ ఆయనను కారు నడపొద్దని చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ ఆదివారం తర్వాత ఆయన ఆ సీట్లో మళ్లీ కూర్చోలేదు.

కారు కదలక టైర్లు చప్పబడుతుంటే ఆయనకు మనసొప్పలేదు. "మీ ఇద్దరు నేర్చుకోండ్రి," అన్నారు. అనసూయమ్మ మొదట తల అడ్డంగా ఊపింది, తర్వాత కొంగు నడుముకు చెక్కింది. మా ఇంట్లో నాన్న, "కారు తోలి ఏం జేస్తవు? మనకు కారున్నదా?" అన్నాడు. కానీ సార్ వచ్చి అడిగితే కాదనలేకపోయాడు. ఆ ఏడాది తెలంగాణ ఉద్యమం గొడవలతో క్యాంపస్ నెలల తరబడి మూతపడింది. తరగతులు లేవు. అల్లర్లు లేని వేళ చూసుకుని ఖాళీ రోడ్ల మీద మాకు పాఠాలు సాగాయి. సార్ ఎడమ సీట్లో కళ్లు మూసుకుని కూర్చునేవారు. "సూపు ఎట్లయినా సగమే, ఇగ చెవులతోనే చెప్త," అనేవారు. గేరు కర్ర స్టీరింగ్ పక్కన ఉండేది. నేను దాన్ని మొండిగా తోస్తే, "దబాయించకు. ఇంజిన్ అడుగుతది, అడిగినప్పుడు ఇయ్యి," అనేవారు. ఒకరోజు ఎత్తు మీద ఆ అడగడం నాకే వినపడింది. గొంతు కొంచెం బరువెక్కింది, నేను క్లచ్ తొక్కి గేరు మార్చాను, కారు ఊపిరి తీసుకుని పైకెక్కింది. సార్ కళ్లు తెరవకుండానే నవ్వారు. నా చదువులో వచ్చిన ఏ మార్కులూ నాకంత సంతోషాన్నివ్వలేదు.

విద్యార్థులతో ఇంజిన్ విప్పించాలన్న కోరిక మాత్రం తీరలేదు. క్యాంపస్ తెరుచుకునేసరికి ఆయన చూపు బోర్డు మీది తన రాతే కనపడనంతగా తగ్గింది. ఉద్యోగం మానుకున్నారు. అదే సమయంలో బ్రేకుల భాగమేదో బాగా అరిగిపోయింది. ఇక్కడ దొరకదు, జపాన్ నుంచి తెప్పించడానికి అనుమతి రాదు. చివరికి సికింద్రాబాద్ నుంచి ఎవరో వచ్చి, వేరే కార్ల సామాను అమర్చి నడిపిస్తామని కొనుక్కున్నారు. తీసుకెళ్లేముందు సార్ ముందు దీపం నుంచి మొదలుపెట్టి కారు చుట్టూ చేయి ఆనించుకుంటూ నడిచారు. కొన్నవాళ్ల డ్రైవరు ఎక్కి, గేరును కరకరలాడించి, బయటికి పోనిచ్చాడు. గేటు దాటి కారు కనుమరుగయ్యాక కూడా సార్ తల అటే వంచి వింటున్నారు. "ఇంక సెకండ్ గేర్లనే గుంజుతుండు," అన్నారు. "ఎవరన్న చెప్పుండ్రి ఆయనకు." చెప్పడానికి ఆ డ్రైవరు అప్పటికే దూరమయ్యాడు. అనసూయమ్మ ఆయన చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

నాకు వరంగల్‌లో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. సెలవుల్లో వెళ్లి చూసేదాన్ని. ఒకసారి ఆయనే అన్నారు: "నువ్వు కారు కొన్ననాడు నన్ను ఎక్కించుకో. సూడను, వింట." కొంటానన్నాను. అప్పట్లో కారంటే బుక్ చేసి ఏళ్లతరబడి ఎదురుచూడడమే. ఆ ఎదురుచూపులోనే ఆయన వెళ్లిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్లకు జపాన్ వాళ్ల సాయంతో చేసిన చిన్న కార్లు మన రోడ్ల మీదికొచ్చాయి. బొమ్మ అన్నవాళ్లు కూడా వరసకట్టి బుక్ చేసుకున్నారు. నాకూ ఒకటి వచ్చింది. ముందుగా తార్నాక వెళ్లి అనసూయమ్మను ఎక్కించుకున్నాను. ఇద్దరం క్యాంపస్ రోడ్డంతా తిరిగాం. ఆమె అన్నది:

"కారు పోయిందని ఆయనకు రంది లేకుండె సువార్తా. పిల్లల చేతుల్ల ఆ ఇంజిన్ పెట్టలేకపోతినని, గదే రంది. పోయే ముంగట గూడ గదే మాట."

ఆ మరుసటి ఏడు నుంచి, రిటైరయ్యేదాకా, నా తరగతిలో ప్రతి ఏడూ ఏదో ఒకటి విప్పించాను. ఒక ఏడు పాత రేడియో, ఒక ఏడు నీళ్ల మోటారు, ఒక ఏడు పాడైన స్కూటర్ ఇంజిన్. పిల్లల చేతులకు మసి అంటేది, ప్రిన్సిపాల్ విసుక్కునేవాడు, కొన్ని ముక్కలు ఎక్కడివో తెలియక మిగిలిపోయేవి. స్కూటర్ ఇంజిన్ మళ్లీ బిగించిన రోజు అది మొదట దగ్గింది, ఆగింది, తర్వాత అందుకుంది. పిల్లలు కేరింతలు కొట్టారు. నేను వాళ్లను ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉండమన్నాను. ఎందుకో వాళ్లకు చెప్పలేదు. ఆ నిమిషం ఆయనది. వినడానికి ఆయన లేరు, నేనే విన్నాను.