నోరు తెరిచి చూపించు

ఫ్యాక్టరీ గేటు దగ్గర సోదా చేసి చేసి అతనికి మనుషుల మీద నమ్మకం పోయింది. సాయంత్రం పని దిగిన ప్రతివాడి సంచీ తడిమితే గానీ బయటికి వదలడు. తోటివాళ్ళు తనిఖీ మామ అని పేరు పెట్టారు. గేటు దగ్గరే వదిలెయ్యాల్సిన ఆ బుద్ధిని ఇంటికి మోసుకొచ్చాడు, అదీ దరిద్రం.

భార్యకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. రోజూ ఒక మాత్ర. ఆమె మింగగానే "నోరు తెరు, నాలుక పైకెత్తు" అనేవాడు. కట్టుకున్న మనిషిని అలా అడగడానికి సిగ్గుండొద్దూ? ఆమె పాపం ఎత్తి చూపించేది. గడ్డ సగానికి తగ్గింది. తన కాపలా వల్లే తగ్గిందని కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాడు.

తర్వాతి స్కాన్‌లో గడ్డ మళ్ళీ పెరిగింది. ఆస్పత్రి వరండాలోనే విరుచుకుపడ్డాడు.

"నా కళ్ళుగప్పి ఉమ్మేశావు కదూ? నిజం చెప్పు."

పక్క బెంచీ మీదివాళ్ళు తలలు తిప్పుకున్నారు.

డాక్టరమ్మ ముందూ అదే పాట పాడాడు.

"మందు మానకపోయినా ఇలా జరుగుతుందండీ, చాలామందికి జరుగుతుంది," అంది డాక్టరమ్మ. "గడ్డలో కణాలన్నీ ఒక్కలా ఉండవు. ఈ మందుకు చావనివి మొదటినుంచీ కొన్ని ఉండొచ్చు, మధ్యలో కొన్ని మారిపోవచ్చు. మిగతావి చచ్చాక అవి పెరుగుతాయి. మళ్ళీ చిన్న ముక్క తీసి ఏం మారిందో చూద్దాం. దాన్నిబట్టి మందు మారుస్తాం, లేదా రెండు కలిపి ఇస్తాం. తగ్గి తీరుతుందని మాత్రం మాటివ్వలేను."

అప్పుడు భార్య నోరు విప్పింది.

"ముక్క తీయించుకోను. కొత్త మందంటే మళ్ళీ కొత్త సోదా. చావనైనా చస్తాను గానీ, ఈయన ముందు ఇంక నాలుక ఎత్తను."

అతను ఆమె వైపు తిరిగాడు.

"చూడను. ఒట్టు," అన్నాడు.

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి. చేసి చూపించండి."

ముక్క తీయించుకుంది. కొత్త మాత్రలు వచ్చిన రోజు ఆమె చేతికి నీళ్ళ గ్లాసు ఇచ్చి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వెనక గుటక చప్పుడు వినబడింది. మెడ తిప్పాలని ప్రాణం కొట్టుకుంది. తిప్పలేదు.

"మింగాను," అంది. గొంతులో కోపం ఇసుమంతైనా తగ్గలేదు. "ఇదీ పనిచెయ్యకపోతే ఈసారి ఎవర్ని తిడతారు?"

"ఆ గడ్డనే," అన్నాడు, గోడనే చూస్తూ.