అల్ ఖూజ్‌లో పట్వారి

నేను దుబాయ్‌లో షట్టరింగ్ వడ్రంగిగా పనిచేసిన రోజుల్లో, అల్ ఖూజ్ క్యాంపులో మా గదికి ఒకాయన కొత్తగా వచ్చాడు. యాభై దాటిన మనిషి. సైటులో ఇటుకలు మోసే పని. అరచేతులు చూస్తే బరువు ఎరగనివి. వారం తిరక్కుండానే బొబ్బలెక్కి పగిలాయి.

ఆయన ఊళ్లో పట్వారి. ప్రభుత్వం పటేల్, పట్వారి కొలువులు రద్దు చేయడంతో చేతిలోంచి ఊరి భూముల లెక్కల దఫ్తరం పోయింది. ఇంకో పని రాదు. ఈ సంగతి నాకు చెప్పినవాడు మా గదిలోనే ఉండే మేస్త్రి. అతనిదీ అదే ఊరు. అతని తండ్రి దున్నుకునే రెండెకరాలను పహాణీలో, అంటే ఎవరి భూమి ఎవరు సాగుచేస్తున్నారో ఏటేటా రాసే పుస్తకంలో, దొర పేరు మీద ఎక్కించింది ఈయనే. పట్వారి మేస్త్రిని గుర్తుపట్టలేదు. మేస్త్రీ బయటపడలేదు. ఎండ నెత్తికెక్కే వేళకు మాత్రం "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ ఆయన చేతే పై అంతస్తుకు ఇటుకలు మోయించేవాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఊరి నుంచి ఆ కబురుతో ఉత్తరం అందిన శుక్రవారం గదిలో ఒకటే గోల, ఎవరి ఊరు ఏ మండలంలో పడిందని. పట్వారి మంచం మీద లేచి కూర్చున్నాడు. నిజాం కాలంలో మా ఊళ్లు ఏ తహసీలు కింద ఉండేవో, ఏ వాగు దగ్గర హద్దు మారిందో, ఏ ఊరిని ఎప్పుడు ఎందులో కలిపారో తడుముకోకుండా చెప్పుకుపోయాడు. ఆయన ముఖంలో వెలుగు చూడడం అదే మొదలు.

మేస్త్రి అన్నం ప్లేటు పక్కన పెట్టాడు.

"అన్ని యాదికున్నయి గదా. మరి వాగొడ్డు రెండెకరాలు ఎవలయి?"

పట్వారి అతని ముఖం పరీక్షగా చూశాడు. "నువ్వు అది దున్నుకునేటాయన కొడుకువా?"

"అవ్. ఎవలయి, చెప్పు."

"మీ నాయినయే."

"మరి గట్లెందుకు రాసినవ్?"

"దొర రాయమన్నడు. రాసిన."

మేస్త్రి చెయ్యెత్తాడు. నేను అడ్డంపడి పట్టుకున్నాను. "కొడితే ఏమొస్తది? గిదే మాట కాయితం మీద రాయించుకో," అన్నాను. పట్వారి అప్పుడే కూర్చుని రాసిచ్చాడు, అచ్చు గుద్దినట్టున్న అక్షరాలతో. సాక్షిగా నేను సంతకం చేశాను. "ఇగ నీ భూమి నీకొచ్చినట్టే," అని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

రెండేళ్లకు దొరికిన సెలవంతా మేస్త్రి ఆ కాగితం పట్టుకునే తిరిగాడు. మండలాఫీసులో అడిగితే పాత పహాణీలు తాలూకా కచేరిలోనే ఉన్నాయన్నారు. అక్కడికి పోతే కొత్త మండలానికి పంపేశామన్నారు. చివరికి ఒక గుమాస్తా, కొలువు పోయినోడి రాత చెల్లదంటూ కాగితం తిరిగి చేతిలో పెట్టాడు. ఆ తిరుగుళ్లలో ఉండగానే తండ్రి చనిపోయాడు.

మేస్త్రి దుబాయ్‌కి వాపసు వచ్చి ఇదంతా గదిలో అందరి ముందూ చెప్పాడు.

"నేను అబద్ధం రాసిన్నాడు అందరు నమ్మిండ్రు," అన్నాడు పట్వారి.

ఆ ఎండాకాలం ఆయన సైటు మీద వడదెబ్బకు పడిపోయాడు. ఇక పనికి రాడని ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, ఇంటికి పంపేశాడు. ఆయన పెట్టెను బస్సు దాకా మోసింది మేస్త్రే. బస్సు కదిలాక నాతో నడుస్తూ మేస్త్రి అన్నాడు:

"దొర ఆ రెండెకరాలు అమ్ముకున్నడట. కొన్నోడు బోరేసిండట."