పొయ్యి దగ్గర మనిషి

ఇంట్లో ఎవరికి నొప్పులొచ్చినా ఆ మెకానిక్ పెద్దాయనకు ఒకటే పని, నీళ్లు కాచడం. భార్య కాన్పులన్నీ ఇంట్లోనే అయ్యాయి. అన్నిసార్లూ ఆయన పొయ్యినే అంటిపెట్టుకుని ఉన్నాడు. ఇవాళ కూతురి వంతు. లోపల మూలుగు వినబడినప్పుడల్లా మంట కాస్త పెంచుతాడు, గంగాళం మూత తీసి చూస్తాడు, గ్రీజు ఇంకిపోయిన వేళ్లను తువ్వాలుకు తుడుచుకుంటాడు. మంత్రసాని తలుపు తీస్తే చాలు, "నీళ్లు తేనా అమ్మా?" అంటాడు. "ఉండండి, చెప్తాను," అంటుందావిడ. చెప్పదు. మరిగి తగ్గిన నీళ్లను ఆయన మళ్లీ నింపుతాడు.

మధ్యాహ్నానికి పసికందు ఏడుపు వినబడింది. భార్య బయటికొచ్చి, "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు," అంది. ఆయన మసిగుడ్డతో గంగాళం పట్టుకుని లేచాడు.

"అదెందుకు? లోపలికి కావలసిన నీళ్లు మేం పొద్దున్నే పెట్టుకున్నాం. మీరు గుమ్మానికి అడ్డం పడకుండా ఉంటారని నా మొదటి కాన్పుకే మా అమ్మ మీకు పురమాయించిన పని ఇది."

ఆయన గంగాళం కింద పెట్టి, మూత తీసి చూశాడు.

"చూస్తారేం? ఆ నీళ్లతో స్నానం చేసి రండి. బిడ్డను ముందు మీ చేతికే ఇమ్మంటోంది అమ్మాయి."

గంగాళం ఖాళీ అయ్యేదాకా తోముకున్నా గోళ్లలో నలుపు వదల్లేదు. అందుకే మనవరాలిని వేళ్లు తగలనివ్వకుండా ముంజేతుల మీద ఎత్తుకున్నాడు.