ఆదిశేషయ్య గారి ఉత్తరపు దడి

ఆదిశేషయ్యకు దడి పిచ్చి. తిరువూరులో ఈ సంగతి తెలియనివాళ్ళుంటే, వాళ్ళు నిన్ననో మొన్ననో బదిలీ మీద వచ్చినవాళ్ళయి ఉండాలి. ఏ ఇంటి ముందునుంచి నడిచినా ఆ ఇంటి దడి రాటను రెండుసార్లు ఊపి చూడందే ఆయన కాలు ముందుకు పడేది కాదు. రాట కదిలిందా, ఇంటాయన్ని కాఫీ కూడా తాగనివ్వకుండా బయటికి పిలిచి గునపం తెప్పించేవాడు.

ఒకసారి మేనల్లుడికి పిల్లను చూడడానికి ఎ.కొండూరు వెళ్ళారు. పిల్ల వచ్చి చాప మీద కూర్చుంది. చూడాల్సిన పెద్దమనిషి మాత్రం లేడు. భార్య మాణిక్యమ్మ వెతుక్కుంటూ పెరట్లోకి వెళితే, కొత్త పంచె ఎగ్గట్టించి మరీ పిల్ల తండ్రి చేత గుంట తవ్విస్తున్నాడు.

"ఏవండీ, పిల్ల ఎలా ఉందో చూడరా?"

"చూసేదేముంది? చెప్పగానే గునపం పట్టాడు మనిషి. ఖాయం చేసుకో."

ఆ పెళ్ళి జరిగింది కూడా.

ఇక సొంత దడి సంగతి చెప్పేదేముంది! ఏటా కార్తీకం వెళ్ళగానే తుమ్మరాటలు పాతి, నిరుటి కందికంప పేర్చి, వెదురు బద్దలు వేసి తాటినారతో బిగించేవాడు. మూడు వైపులా అది గోడలా నిలిచేది. ఉత్తరం వైపు మాత్రం మూడేళ్ళుగా, పుష్యమాసం వచ్చేసరికి పళ్ళూడిన నోరులా తయారయ్యేది. చలికాలం కదా, ఎవరో పొయ్యిలోకి కంప లాక్కుపోతున్నారు. పొద్దున్నే ఆ ఖాళీ కంటపడగానే ఆదిశేషయ్య అందుకునేవాడు.

"ఎవడ్రా నా కంప పీకింది? దొరికితే ఆ రాటకే కట్టేస్తా!"

ఆ కేకకు వీధంతా నిద్ర లేచేది. ఎదురింటి సుందరరావు మాస్టారు గడియారానికి కీ ఇచ్చుకునేవాడు. ఎమర్జెన్సీ వచ్చిన ఏడాది ఆయన అన్నాడు: "దేశమంతా భయపడుతోంది బాబాయిగారూ, మీ దొంగ తప్ప!"

"వాడి సంగతి నేను చూస్తాగా" అంటూనే ఆదిశేషయ్య సాయంత్రానికల్లా కొత్త కంప కట్టేవాడు. ముళ్ళకంప వెయ్యండని మాణిక్యమ్మ అంటే, "చేతులు గీరుకుంటాయే" అనేవాడు. ఎవరి చేతులో ఆవిడ అడగలేదు.

ఉత్తరం వైపు పూరింట్లో అక్కమ్మ ఉండేది. పత్తి తీతకు కూలికి వెళ్ళేది. మూడేళ్ళ కిందట ఒక్కగానొక్క కొడుకు కామెర్లతో పోయాడు. అప్పుడు మాణిక్యమ్మ పంపిన బియ్యాన్ని తనే మోసుకొచ్చి తిరిగిచ్చేసింది.

"నాకు చేతులున్నాయమ్మా. ఇయ్యాళ పుచ్చుకుంటే రేపు మీ ముందు తలెత్తుకోలేను."

ఆ ఎమర్జెన్సీ ఏడాది పుష్యంలో వారం రోజులు దడి చెక్కుచెదరలేదు.

"దొంగ దారికొచ్చాడండీ!" అన్నాడు సుందరరావు.

ఆదిశేషయ్య నవ్వలేదు. దడి మీంచి అవతలికి చూస్తూ నిలబడిపోయాడు. ఆ పూరింటి పొయ్యి నుంచి పొగ రావడం లేదు. "మాణిక్యం, ఓసారి అక్కమ్మను చూసిరా" అన్నాడు.

అక్కమ్మ కుక్కిమంచంలో దగ్గుతూ పడుంది. ఒళ్ళు కాలిపోతోంది. మాణిక్యమ్మ పొయ్యి రాజేసి, వేణ్ణీళ్ళు పట్టి, డాక్టరుకు కబురు పెట్టింది.

"ఆ కంప పీకింది నేనేనమ్మా" అంది అక్కమ్మ.

మాణిక్యమ్మ చేతిలో చెంబు కింద పెట్టి మంచం పట్టె మీద కూర్చుంది.

"అయ్యగారికి తెలుసు. మిగతా వైపుల బిగించి మూడేసి ముళ్ళేస్తారు. నా వైపు లాగితే ఊడొచ్చే ముడి. బాగా మండే కంపంతా ఏరి ఇటే కడతారు. ఇస్తే పుచ్చుకోనని దొంగతనం చేసుకోనిచ్చారు."

"మరి ఆ తిట్లు?"

"ఇంకెవరూ ముట్టకుండానమ్మా." దగ్గు తెరలోనే నవ్వింది. "నా కొడుకు పోయాక పొద్దున్నే నన్ను పలకరించింది ఆ కేకొక్కటే."

డాక్టరు ఇచ్చిన మందు పనిచెయ్యలేదు. మూడో రోజుకు అక్కమ్మ పోయింది. చితికి కట్టెలు కావాలన్నారు. ఆదిశేషయ్య ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఉత్తరపు దడి మొత్తం రాటలతో సహా తనే పీకి బండికెత్తాడు.

శ్మశానం నుంచి వచ్చి నూతి దగ్గర కూర్చుంటే మాణిక్యమ్మ తల మీద వేణ్ణీళ్ళు పోస్తోంది. ఆయన తల వంచుకుని అన్నాడు:

"పాపం, నన్ను పరమ పిసినారి అనుకుంటూనే పోయింది."

"లేదండీ. ఆమెకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అంతా. ఆ ఊడొచ్చే ముడి సంగతి, తిట్ల సంగతి. మొదటి నుంచీ."

ఆదిశేషయ్య మొహం మీది నీళ్ళు తుడుచుకోవడం మరిచి భార్య వంక చూశాడు.

"తెలిసుండీ మూడేళ్ళపాటు నన్ను గొంతు చించుకోనిచ్చిందా! ఎంత గడుసుదే!"

నవ్వబోయాడు. నవ్వు సగంలోనే మళ్ళీ తల వంచుకున్నాడు. మాణిక్యమ్మ ఇంకో చెంబు పోసింది.