రెండో మనిషి చూడని పిట్ట

మా బావది కళ్ళజోళ్ళ కొట్టు. ఊళ్ళో సగం మంది ముక్కుల మీద ఆయన బిగించిన ఫ్రేములే. అలాంటి మనిషికే కళ్ళు పోతున్నాయంటే ఎవరితో చెప్పుకోవాలి? ఆయనైతే నాకూ చెప్పలేదు. ఒకరోజు కొట్టుకి వెళ్ళేసరికి, చేతి పక్కనే ఉన్న చిన్న మరమేకు కోసం బల్లంతా తడుముతున్నాడు. గట్టిగా అడిగితే అప్పుడు కక్కాడు.

"పక్కల నుంచి చీకటి కమ్ముకొస్తోంది. ఇక ఆగదన్నాడు డాక్టరు. ఈ చలికాలం ఒక్కటి గడవనీ, ఎవరికీ చెప్పకు," అన్నాడు.

నేను ఆయన మరదల్ని. మా అక్క పోయి అప్పటికి ఏడు నెలలు. నాది బట్టలు కుట్టే పని, పిట్టల గొడవ నాకేం తెలుసు? కాకికీ కొంగకీ తేడా తెలుసు, అంతవరకే. అయినా ఆ చలికాలం ప్రతి ఆదివారం పొద్దున్నే, పళ్ళు టకటకలాడే చలిలో, తిట్టుకుంటూనే ఆయన వెంట ఊరవతల చెరువు గట్టు మీద నడిచాను. వాళ్ళిద్దరి పిట్టల పుస్తకంలో ఒక గీత ఖాళీగా ఉండిపోయింది మరి.

అక్కా బావా ఇరవయ్యారు చలికాలాలు అలా నడిచి, చూసిన పిట్టలన్నీ ఒక లావుపాటి నోటుపుస్తకంలో రాసుకున్నారు. దానికో రూలు. పిట్ట కనబడితే చెయ్యి చూపించాలి గానీ నోరు విప్పకూడదు. రెండో మనిషి బైనాక్యులర్స్‌తో చూసి, రంగేమిటో రెక్కెలా ఉందో తన నోటితో చెప్పాలి. ఇద్దరి మాటా కలిస్తేనే పుస్తకంలోకి ఎక్కుతుంది. ముందే చెప్పేస్తే కళ్ళు విన్నదాన్నే చూస్తాయని అక్క వాదన. లెక్కల టీచరు కదా, బడిలో పరీక్షలకి కాపలా కాసీ కాసీ, ఇంట్లో మొగుణ్ణి కూడా కాపీ కొట్టనిచ్చేది కాదు.

పదకొండేళ్ళ క్రితం ఒక పిట్ట కనబడగానే బావ సంతోషం పట్టలేక పేరు పెట్టి అరిచేశాడట. అక్క కూడా చూసింది. కానీ రాయనిస్తేనా!

"నువ్వు చెప్పేశాక నేను చూసినా చూసినట్టు కాదు," అంది.

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"

"అలా అనలేదు. రాయొద్దన్నాను."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, మా అక్క సంగతి తెలిసిందే. రెండు రోజులు మాటల్లేవు. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా బావ నాకు ఫోన్ చేసి అడిగాడు. చివరికి అక్కే పుస్తకంలో తేదీ వేసి, గీత గీసి, పేరు దగ్గర ఖాళీ వదిలింది. "మళ్ళీ వస్తుందిలే, అప్పుడు రాద్దాం," అంది. అది రాలేదు. ఈలోపు అక్కే వెళ్ళిపోయింది.

"నన్ను నమ్మిందో లేదో చెప్పకుండానే పోయింది మీ అక్క," అన్నాడు బావ. "వచ్చే ఏడాదికి నాకు కళ్ళుండవు. ఆ గీత ఇప్పుడే నిండాలి."

"ఇంతకీ ఏం పిట్ట బావా?"

"అడక్కు, చెడిపోతుంది."

"ఏడ్చినట్టే ఉంది నీ రూలు!"

ఎనిమిది ఆదివారాలు ఊరికే తిరిగాం. దారిలో ఉన్న రాయిని తన్నుకుని బావ పడబోయేవాడు. చూడనట్టు నేను కొంగు సర్దుకునేదాన్ని.

తొమ్మిదో ఆదివారం, కోసేసిన చేను మీద, మనిషెత్తులో ఏదో తేలుతూ వచ్చింది. నోరు మూసుకుని చెయ్యి చూపించాను. బావ బైనాక్యులర్స్ ఎత్తాడు, కానీ అవి ఎటో చూస్తున్నాయి.

"ఎక్కడే? ఎక్కడ?" అంటూ వాటిని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

భుజాలు పట్టుకుని తిప్పాను. అయినా పిట్ట ఆయన చూపుకి అందలేదు. అది వెళ్ళిపోతోంది. ఇక నా నోరు ఆగలేదు.

"అదిగో బావా, గద్ద! ఒళ్ళంతా లేత బూడిద రంగు, పొట్ట ఉతికిన గుడ్డలా తెలుపు, రెక్కల కొసలు మాత్రం సిరాలో ముంచినట్టు నలుపు! గట్టు దాటుతోంది, చూడు, చూడు!"

చెట్ల వెనక్కి పోయింది. బావ బైనాక్యులర్స్ దించలేదు. వాటి కింద నుంచి కన్నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి.

"పిల్లిగద్ద," అన్నాడు. "మగది. ఆ రోజు నేను చూసింది అదే. నేనొక్క ముక్క చెప్పకుండా నువ్వు చెప్పావు."

నా ప్రాణం లేచొచ్చింది. "ఇద్దరం చూశాంగా, పుస్తకం ఇలా తే!"

"నువ్వు ముందే చెప్పేశావు కదే," అని నవ్వాడు. "ఇక నేను చూసినా చూసినట్టు కాదు."

నా నోరు పడిపోను! ఆయన చేసిన తప్పే నేనూ చేశాను. ఏడుపు ముంచుకొచ్చింది.

"రాసెయ్ బావా, అక్క లేదు కదా ఇప్పుడు," అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

"లేదు కాబట్టే రాయను," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మొదటిసారి నా భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. అసలు ఆయనకి కనబడనే లేదని ఆయనా అనలేదు, కనబడిందా అని నేనూ అడగలేదు. కొంచెం దూరం పోయాక, "రెక్కల కొసలు ఎలా ఉన్నాయన్నావు?" అన్నాడు.

"సిరాలో ముంచినట్టు నలుపు."

"మళ్ళీ చెప్పు."

ఇంటిదాకా చెబుతూనే ఉన్నాను.