దిష్టి తగలని ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో మా ఇళ్లల్లో ఆడపిల్ల తన గురించి తాను ఒక మంచి మాట చెప్పుకుంటే పొగరనేవారు. అదే పని ఇంగ్లీషులో చేస్తే స్కాలర్‌షిప్ ఇస్తారని నాకు పీజీకొచ్చేదాకా తెలియదు. ఆ సంగతి చెప్పినవారు మా శ్రీకాకుళం కాలేజీ వృక్షశాస్త్రం మాస్టారు. (కనబడిన పిల్లలందరి చేతా ఏదో ఒక దేశానికి దరఖాస్తు పెట్టించేవారు కాబట్టి ఆయన మాకు ‘అప్లికేషన్ మాస్టారు’.) నా వంతుకి వచ్చింది విదేశంలో విత్తనాల మీద ఒక ఏడాది చదువు. గ్రాంటొస్తే సరే, లేకపోతే చదువు ఇంతటితో చాలని నాన్న ముందే తేల్చేశారు. “నువ్వేటి సాధించినావో సెప్పమ్మా” అని మాస్టారు అడిగితే, “ఏటుంది సార్, అందరితోపాటే” అనేదాన్ని. “అందరికీ కలిపి గ్రాంటివ్వరు తల్లీ. ‘నేను’ అను, గట్టిగా అను” అని లాబ్‌లో పూలకుండీల ముందు నిలబెట్టి గొప్పలు చెప్పించేవారు. కొన్నాళ్లకి ఆ గొప్పలు నేనే నమ్మేశాను.

ఇంటర్వ్యూ వీడియోలో, సాయంత్రం పూట. ఆ వేళకి కాలేజీకి తాళం పడుతుంది గనక మాస్టారే లాప్‌టాప్ పట్టుకుని శ్రీకూర్మం దగ్గర మా ఊరొచ్చారు. తెరమీద ఇద్దరు దొరసానులు, ఒక దొర. మా మెట్టల్లో పాత చోడి (అంటే రాగి) విత్తనాలు నేనెలా సేకరించానో, ఎంతమందిని కూడగట్టానో చెప్పడం అందుకున్నాను. గుమ్మం దగ్గర అమ్మ, “ఏటి బాబూ సెప్తన్నాది?” అని మాస్టారిని అడిగింది. “తన గొప్పలమ్మా. ఆల్లు తెగ మెచ్చుకుంతన్నారు” అన్నారాయన, పాపం, సంతోషంగా. అమ్మ గబగబా వంటింట్లోకి వెళ్లింది.

నేను నాయకత్వ లక్షణాల దగ్గరుండగా అమ్మ గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలతో వచ్చి నా తల చుట్టూ తిప్పడం మొదలెట్టింది. “ఊరి దిష్టి, ఈది దిష్టి, పరదేశం దిష్టి...” ఆ చేత్తోనే లాప్‌టాప్‌కి కూడా దిష్టి తీసింది. (“ఆల్లూ ఓ తల్లి బిడ్డలే కదేటి” అని తర్వాత సంజాయిషీ.) తీసుకెళ్లి పొయ్యిలో వేసేసరికి ఇల్లంతా ఘాటు. నేను దగ్గు, మాస్టారు దగ్గు. తెరమీది పెద్దావిడ కంగారుగా ఏమైందని అడిగింది. బట్టీపట్టిన ముక్కలన్నీ ఆ దగ్గుతోనే పోయాయి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. బిడ్డ గొప్పలు బయటపడితే నలుగురి కళ్లూ పడతాయని మా అమ్మల భయమనీ, మిరపకాయలు ఘాటు రాకుండా కాలితే దిష్టి తగిలినట్టు, ఘాటొస్తే తగలనట్టు అనీ. ఆవిడ, “అయితే ఇంతసేపూ నువ్వు చెప్పిన గొప్పలకి మాకెవరికీ కన్ను కుట్టలేదన్నమాట” అంది. మాస్టారు గోడకి చేరబడిపోయారు. తెరమీది ముగ్గురూ పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. ఆపైన అమ్మ విత్తనాలకి పురుగు పట్టకుండా ఎలా దాస్తుందో, నాకేం తెలియదో, అక్కడికొచ్చి ఏం తెలుసుకోవాలనుందో, మామూలుగా మాట్లాడుకున్నాం.

గ్రాంటొచ్చింది. కాలేజీలో సభ పెట్టి, ఈ అమ్మాయినెలా తయారుచేశారో చెప్పమని ప్రిన్సిపాల్ మైకు మాస్టారి చేతికిచ్చారు. మా అందరికీ ‘నేను’ అనడం నేర్పిన మనిషి ఆ మైకు పట్టుకుని, “నేనేటి సేసినాను. పిల్ల కష్టపడినాది” అని గబగబా దిగిపోయారు. ముందు వరుసలో ఉన్న నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇప్పుడు నేనూ విజయనగరంలో పాఠాలు చెబుతున్నాను, పిల్లలచేత దరఖాస్తులు పెట్టిస్తున్నాను. మొన్న ఒక తండ్రి వచ్చి, “నీ వల్లే మా పిల్ల ఎల్తన్నాదమ్మా” అని రెండు చేతులూ పట్టుకున్నాడు. టీ తాగుతారా అని అడిగాను.