గోడలు లేని బావి

అండమాన్‌లో మా తెరచాప పడవ ప్రయాణంలో నాలుగో రోజు పూర్తిగా విశ్రాంతి అన్నారు. చిన్న దీవి పక్కన, గాలి తగలని మలుపులో లంగరు దించారు. నీళ్లు అడుగుదాకా కనిపిస్తున్నాయి. మా బావమరిది నీడ చూసుకుని వాలిపోయాడు. మా ఆవిడ చిత్తూరు నుంచి మోసుకొచ్చిన పచ్చి మామిడికాయలు కోసి ఉప్పుకారం చల్లుతోంది. నేను చొక్కా విప్పాను.

"యాడికి?" అంది.

"ఈత ముగించొస్తా."

మొదలుపెట్టింది నలభై ఏళ్ల కిందట. పూతలపట్టు దగ్గర మా వరిమడి బావిలో నాయన నా నడుముకు మోకు కట్టి, రెండో కొస పట్టుకుని గట్టు మీద నిలబడేవాడు. నేను గోడ వెంబడే గుండ్రంగా ఈదేవాణ్ణి. మోకు లేకుండా బావికి అడ్డంగా వెళ్లి, ఎదుటి గోడ ముట్టి వస్తేనే మా ఊళ్లో ఈత వచ్చినట్టు లెక్క. నా వంతు వచ్చేలోపే చుట్టూ బోర్లు పడి బావి ఎండిపోయింది. తర్వాత చిత్తూరు కోర్టులో గుమాస్తాగా ఎన్నో తేలని కేసులు మోశాను. వాటన్నిటికంటే పాతది నాదే.

లంగరు ఎక్కడ పడిందో తెలియడానికి దానికి కట్టిన ఎర్ర బెండు ఒకటి, ఇరవై బారల దూరంలో ఆడుతోంది. అదే నా ఎదుటి గోడ.

"యాభై దాటినాక ఏంది నీకిది? గమ్మున పండుకో," అంది మా ఆవిడ.

పడవ నడిపేవాడు గాలి చొక్కా ఇచ్చాడు. అది వేసుకుంటే తేలేది అదే గానీ నేను కాదు కదా! వద్దన్నాను. చివరికి మోకు కట్టుకునేలా రాజీ కుదిరింది. నాయన వేసే ముడే వేసుకుని కొస మా ఆవిడ చేతికిచ్చాను. పడవవాడు రబ్బరు చక్రం పట్టుకుని అంచున నిలబడ్డాడు.

దిగానే గానీ, ఎడమ చెయ్యి పడవను వదల్లేదు. ఒక చుట్టు, రెండు చుట్లు. బావమరిది ఒక కన్ను తెరిచాడు.

"బావా, అది ప్రదక్షిణం. ఇంగొక సుట్టు కొడితే ప్రసాదం పెడతారు."

చెయ్యి తీసేశాను. ఉప్పునీళ్లు మింగుతూ, చప్పుడు ఎక్కువ, సాగడం తక్కువగా ఈదాను. బెండు ఇంకా రెండు బారలుందనగా నడుము దగ్గర మోకు బిగిసింది.

"మోకు అయిపోయిండాది! ఎనక్కి రా!" వెనక నుంచి మా ఆవిడ.

వెనక్కి వెళ్తే మళ్లీ నలభై ఏళ్ల వాయిదా. నాయన ముడి కొస లాగితే ఊడిపోతుంది. లాగాను. ఒకసారి మునిగాను, పైకొచ్చాను, నాలుగుసార్లు చేతులు ఆడించి బెండు ముట్టుకున్నాను. పాచి పట్టి జారుతోంది. అయినా గోడ గోడే.

తిరిగొచ్చి నిచ్చెన ఎక్కాను. తడి మోకు మా ఆవిడ ఒళ్లో కుప్పగా ఉంది.

"ఇడిసిపెట్టేసినావు. ఇంగ నేను పట్టుకున్నదేంది?"

మామిడి ముక్క చేతిలో పెట్టింది.

"రేపు నాకు కట్టు. నువ్వు పట్టుకోని నిద్దరపోయినావంటే సూడు!"

ఆమెకు మాత్రం, లాగితే ఊడని ముడి వేయాలని అప్పుడే తీర్మానించుకున్నాను.